చిటికె లేని ఆవులింత

మా ప్రాజెక్టులో కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు నా గురించి ఒక కథ చెబుతున్నారని ఈ మధ్యే తెలిసింది. కొల్లేరు ఒడ్డున ఒక ఊళ్ళో పనిచేసిన టీచరు పుస్తకాలు చదివి, ఆవులింతల సాయంతో ఒక పిల్ల ఇబ్బందిని కనిపెట్టిందట. డాక్టర్లు కూడా ఆశ్చర్యపోయారట. ఆ టీచరును నేనే. డాక్టర్లెవరూ ఆశ్చర్యపోలేదు. పైగా ఆ కథలో నేను చివర చేసిన పని ఉంది కానీ, దానికి ముందు చేసిన పని లేదు. ఆ కథ విని రేపు ఇంకో టీచరు ఇంకో పిల్ల ముందు కూర్చుని అలాగే ఆవులిస్తే, ఆ పాపంలో నాకూ వాటా ఉంటుంది. అందుకే జరిగినదంతా రాస్తున్నాను. నేను రిటైరై రెండేళ్ళయింది, ఇక నాకు మెమో ఇచ్చేవాళ్ళు లేరు. మనుషుల పేర్లు మాత్రం రాయను. ఊరి పేరూ రాయను. ముదినేపల్లి దాటాక కొల్లేరు వైపు ఉన్న చిన్న ఊళ్ళలో అదొకటి. ఊరి పేరు రాస్తే అందరి పేర్లూ రాసినట్టే.

ముందు నా సంగతి. బళ్ళో నేను చదివింది పదో తరగతి. మిగిలిన చదువంతా లైబ్రరీలోనే. నెలకోసారి మీటింగుకని ఏలూరు వెళ్ళేదాన్ని. మీటింగు పన్నెండింటికి అయిపోతే తిరుగు బస్సు నాలుగింటికి. తోటి టీచర్లు బట్టల కొట్లకు వెళ్ళేవారు. నేను లైబ్రరీకి వెళ్ళి సైన్సు పుస్తకాల బీరువా ముందు కూర్చునేదాన్ని. పై అర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ కింది అర దాకా వచ్చాను, మధ్యలో ఆ బీరువా తాళంచెవి పోయిన రెండు నెలలు తప్ప. చదివింది నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని. మా సూపర్‌వైజర్ గారికి తెలియని మాట మీటింగులో ఒక్కటైనా చెప్పకపోతే నాకు ఆ రోజు అన్నం సయించేది కాదు.

ఆవులింతల మీద ఆసక్తి ఆ బీరువా వల్లే కలిగింది. మన చిన్నప్పుడు పాఠాల్లో ఒంట్లో గాలి చాలకపోతే ఆవులింత వస్తుందని చెప్పేవారు. అది నిలబడలేదట. మెదడు వేడెక్కితే చల్లబరచడానికని కొందరంటారు. గుంపులో ఒకడు బడలినప్పుడు మిగతావాళ్ళు మెలకువ తెచ్చుకోవడానికని మరికొందరు. ఒకరిని చూసి ఒకరికి ఎందుకొస్తుందో మాత్రం ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. ఎదుటివాడి ముఖంలో కనబడ్డ కదలికను మన మెదడు మనకు తెలియకుండానే తనలో ఆడిస్తుందని ఒక వాదన. పరాయివాళ్ళ నుంచి కంటే అయినవాళ్ళ నుంచి తొందరగా అంటుతుందని చాలామంది గమనించారు. కోతుల్లో ఉంది. కుక్కలకు యజమాని నుంచి అంటుతుంది. పసిపిల్లలకు మాత్రం నాలుగేళ్ళు వచ్చేదాకా సాధారణంగా అంటదు.

ఇవన్నీ చదివాక నేను బస్సులో కూర్చుని ప్రయోగాలు చేసేదాన్ని. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సులో, ముందు వరసలో వెనక్కి తిరిగి ఉండే సీటు పట్టుకుని ఒక ఆవులింత వదిలేదాన్ని. అది ఎన్ని వరసలు వెళ్ళి ఆగుతుందో లెక్కపెట్టేదాన్ని. ఒకసారి కండక్టరు దాకా వెళ్ళింది. టిక్కెట్టు చింపుతూ చింపుతూ ఆయన నోరు తెరిచాడు. నాకు ఆ రోజంతా సంతోషమే.

మా కేంద్రం ఒకటే గది. మూలన వంట. ఆయా నాకంటే ఆరేళ్ళు పెద్దది, నేను అక్కా అనేదాన్ని. మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెట్టాక పిల్లల్ని తుంగచాపల మీద పడుకోబెట్టాలి. ఈ పనిలో ఆయాకు సాటి లేదు. పాట పాడదు, జో కొట్టదు. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, "ఆ... హ్హా..." అని ఊరంతా వినబడేట్టు ఆవులించి, నోటి ముందు మూడు చిటికెలు వేసేది. ఒక పిల్ల ఆవులిస్తే ఆ పిల్ల వైపు చెయ్యి చాపి చిటికె. ఇంకోడు ఆవులిస్తే వాడికీ చిటికె. గుమ్మంలో పడుకునే కుక్క ఆవులిస్తే దానికి కూడా వేసేది. ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. ప్రసంగం మధ్యలో కూడా చిటికె వేస్తుందని పాస్టరుగారే ఒకసారి నాతో నవ్వుతూ చెప్పారు. అలవాటుకు మతం లేదు. పావుగంటలో పద్దెనిమిది మంది పిల్లలూ నిద్రపోయేవారు.

నేను ఆ చిటికెలు మానిపించాను.

ఆవులించినప్పుడు చిటికె వెయ్యకపోతే ఆయుష్షు తగ్గుతుందని మన పెద్దవాళ్ళ నమ్మకం. దానికి ఆధారం లేదని నా నోటుబుక్కులో ఉంది. చదువు చెప్పే చోట అలాంటి నమ్మకాలు ఉండకూడదని నాకనిపించింది. పైగా ఆవులింత నిజంగా చూపుతోనే అంటుతుందా లేదా అని మా పిల్లల మీద పరీక్షించాలన్న కోరిక కూడా ఉంది. చప్పుడు ఉంటే పరీక్ష పాడవుతుంది. ఈ రెండో కారణం ఆయాతో చెప్పలేదు.

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా ఆవులించు అక్కా. చిటికెలొద్దు."

"మరి పిల్లల ఆయుష్షండి?"

"గుడ్డు పెడుతున్నాం కదా, దాంతో వస్తుంది."

"సరేనండి. మీరు చదువుకున్నారు," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ తర్వాత పడకవేళ నేను ముందు స్టూలు వేసుకుని, రెండు చాపల దూరంలో పిల్లలకు ఎదురుగా కూర్చుని, చప్పుడు లేకుండా నోరు తెరిచేదాన్ని. నాలుగేళ్ళు దాటిన పిల్లలు పదకొండు మంది. ఎవరికి అంటిందో నోటుబుక్కులో గీతలు పెట్టుకున్నాను. ఐదు రోజుల్లో పదిమందికి ఏదో ఒకసారి అంటింది. ఒక్క పిల్లకు అంటలేదు.

ఆ పిల్లకు నాలుగున్నరేళ్ళు. తల్లి చేపల చెరువుల దగ్గర ప్యాకింగ్ పనికి వెళ్ళేది, తండ్రి చెరువు కాపలా. పిల్ల నెమ్మది. నేను నవ్వితే నవ్వేది కాదు. బంతి దొర్లిస్తే పట్టుకునేది కాదు. ఒక్కతే కూర్చుని, బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండేది. 'వస్తువులను వాసన చూచును' అని రాసుకున్నాను. ఆటిజం ఉన్న పిల్లలకు ఎదుటివారి ఆవులింత అంత తేలిగ్గా అంటదని నేను చదివి ఉన్నాను. ఇక రెండూ రెండూ కలిపితే నాలుగయ్యింది.

ఆయా ఒకసారి ఆపబోయింది. "టీచరుగారండి, ఈ పిల్ల మొన్నటిదాకా నాతోపాటు బానే ఆవులించేదండి."

"అది నిద్రొచ్చి ఆవులించడం అక్కా. ఇది వేరు."

"ఆవులింతల్లో కూడా రకాలుంటాయాండి?"

"పుస్తకంలో ఉన్నాయి."

ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీసుకోవడంలో పడింది.

ఆ నెల టీకాల రోజున తల్లులంతా వచ్చారు. నర్సుగారు సూదులు వేస్తుంటే నేను తూకాలు చూస్తున్నాను. ఈ పిల్ల వంతు వచ్చింది. తల్లిని పక్కకు పిలిచి చెప్పాల్సిన మాట అక్కడే, అందరిలో చెప్పాను. పిల్ల మెదడు ఎదుగుదలలో తేడా ఉందని, మామూలు బడికి పనికిరాదని, తాడేపల్లిగూడెంలో అలాంటి పిల్లల కోసం హాస్టల్‌తో సహా బడి ఉందని, జూన్‌లోపు అక్కడ చేర్చడం మంచిదని. ఎందుకలా నలుగురిలో చెప్పానని ఎన్నోసార్లు ఆలోచించాను. వినేవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి చెప్పాను. అంతకంటే కారణం దొరకలేదు.

తల్లి ఒకటే అడిగింది. "డాక్టరుగారు చూడకుండా ఎలా తెలిసిందండి?"

"నేను ఆవులింతల పరీక్ష పెట్టానమ్మా. మిగతా పెద్దపిల్లలకు అంటింది, దీనికి అంటలేదు. పుస్తకంలో ఉంది."

తల్లులందరూ పిల్లవైపు చూశారు. ఆ మర్నాటి నుంచి ఇద్దరు ముగ్గురు తమ పిల్లల చాపలు దాని చాపకు దూరంగా వేయించడం మొదలుపెట్టారు. ఆవులింత అంటని పిల్ల నుంచి తమ పిల్లలకేదో అంటుకుంటుందని భయం.

తల్లి తాడేపల్లిగూడెం వెళ్ళి కనుక్కుని వచ్చింది. ముందు అంగన్‌వాడీ టీచరు రాసిచ్చిన కాగితంతో పిల్లను తీసుకురండి, మా డాక్టరు చూస్తాడు, తర్వాత హాస్టల్లో ఉంచుకుంటాం, మొదటి మూడు నెలలు ఎవరూ చూడ్డానికి రాకూడదు అన్నారట. బుధవారం రమ్మన్నారు. పిల్ల అప్పటిదాకా తల్లి పక్కన తప్ప ఎక్కడా పడుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం తల్లి కాగితం కోసం వచ్చింది. పిల్లలు పడుకున్నారు. ఈ పిల్ల ఒక్కతే చాప మీద, గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. చిటికెలు ఆగినప్పటి నుంచి దానికి పగటి నిద్ర పట్టడం లేదు. నేను కాగితాన్ని రెండు చిత్తుప్రతులు రాసి, మూడోసారి శుభ్రంగా ఎక్కించాను. నా భాషకు నాకే ముచ్చటేసి తల్లికి చదివి వినిపించాను.

"తోటివారి భావములను గ్రహించు శక్తి ఈ బాలికయందు కొరవడినట్లు..."

"అంటే ఏంటండి?"

"అంటే, ఎదుటివాళ్ళకి ఏమవుతోందో దానికి పట్టదని."

తల్లి కాసేపు కాగితం వైపు చూసింది. ఆవిడకు చదువు రాదు. "మొన్న నాకు జొరమొస్తే పనిలోకెళ్ళకుండా మంచాన పడ్డానండి. పొద్దుటి నుంచీ నా నుదురు మీద చెయ్యి తియ్యలేదండి ఇది. ఆళ్ళ నాన్న అన్నానికి పిలిచినా లెగలేదు. అది పట్టించుకోవడం కాదాండి?"

"అది వేరమ్మా," అన్నాను. ఏ రకంగా వేరో చెప్పడానికి నోరు తెరుస్తుండగా, గుమ్మంలో కుక్క ముందుకాళ్ళు చాపి, ఒళ్ళు విరుచుకుని ఆవులించింది. కుక్కలు ఆవులింత చివర సన్నగా కూత పెడతాయి. ఇదీ "కుయ్య్" అంది. పొయ్యి దగ్గరున్న ఆయా చెయ్యి, నా ఆజ్ఞ మరిచిపోయి, టక్కున చిటికె వేసింది.

పిల్ల ఆవులించింది. నిండుగా, కళ్ళు మూసుకుని.

ఆయా చటుక్కున చెయ్యి కొంగులో దాచుకుంది. "తప్పయిపోయిందండి. అలవాటండి."

నాకు ముందు వచ్చింది కోపం. ఐదు రోజులు నేను దవడలు నొప్పెట్టేలా ఆవులిస్తే రానిది కుక్కకు వచ్చింది. ఆ కోపంలోనే ఇంకోటి తట్టింది. పిల్ల వీపు గుమ్మం వైపు ఉంది. అది కుక్కను చూడలేదు.

"అక్కా, పిల్ల వెనక్కి వచ్చి నీ పాత పద్ధతిలో ఒకసారి ఆవులించు."

"చిటికెతోనాండి?"

"చిటికెతోనే."

ఆవిడ పదిహేను రోజుల బాకీ తీర్చుకున్నట్టు ఆవులించింది. పిల్ల ఆవులించింది. తర్వాత నేను పిల్లకు ఎదురుగా, రెండు చాపల దూరంలో, చప్పుడు లేకుండా ఆవులించాను. తల్లికి వచ్చింది, ఆయాకు వచ్చింది. పిల్ల నా వైపే ముఖం పెట్టి కూర్చుంది కానీ ఏమీ లేదు. ఒక చాప ముందుకు జరిగాను. లేదు. మోకాళ్ళ మీద వెళ్ళి, దాని ముఖానికి జానెడు దూరంలో నోరు తెరిచాను. పిల్ల నా నోట్లోకి తొంగి చూసింది. వేలు పెట్టి చూపించింది.

"టీచరూ, ఇక్కడ పన్ను లేదు."

నా కింది దవడ పన్ను ఊడి నాలుగేళ్ళయింది. రెండేళ్ళుగా రోజూ నా ఎదురుగా కూర్చుంటున్న పిల్ల ఆ రోజు మొదటిసారి చూసింది. అది చెప్పాక ఆవులించింది. బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకునేది వాసన చూడ్డానికి కాదు. బంతి పట్టుకోకపోవడం, నవ్వకపోవడం ఎందుకో కూడా అప్పుడు తెలిసింది. దానికి నా ముఖమే కనబడటం లేదు.

నేను కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను.

"కాగితం ఇవ్వండి," అంది తల్లి.

"రేపు గూడెం వద్దమ్మా. ఏలూరు వెళ్దాం. కళ్ళు చూపిద్దాం."

తల్లి నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం ఆవిడకేముంది? "మొన్న మెదడన్నారు. ఇయ్యాల కళ్ళంటున్నారు. కుక్క ఆవులిస్తే మీ మాట మారిపోయిందాండి? రేపు ఇంకో పుస్తకం చదువుతారు, చెవులంటారు. నా పిల్లని ఎన్ని ఊళ్ళు తిప్పమంటారండి?"

జవాబు చెప్పింది ఆయా. "ఒక్క రోజు ఆగవే. గూడెం ఎక్కడికీ పోదు. ఏలూరుకి నేనూ వస్తా. ఇది తప్పైతే ఈ టీచరుగారి సంగతి ఇద్దరం కలిసే చూద్దాం."

మర్నాడు నేను సెలవు పెట్టాను. మేం ముగ్గురం, పిల్ల. ఆసుపత్రిలో కళ్ళు పరీక్షించే కుర్ర ఆవిడ బరువైన ఇనప కళ్ళజోడు పిల్ల ముక్కు మీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మారుస్తూ వచ్చింది. గోడ మీది బొమ్మలు అడుగుతోంది. మొదట పిల్ల ఏమీ చెప్పలేదు. అద్దం మార్చగా మార్చగా 'గొడుగు' అంది, 'చేప' అంది. అంతలో తల తిప్పి, తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ముసలాయన, కండువా భుజాన వేసుకుని, చప్పుడు లేకుండా ఆవులిస్తున్నాడు. మా నుంచి పది పన్నెండు అడుగుల దూరం.

పిల్ల ఆవులించింది.

"నిద్రొస్తోందా నాన్నా?" అంది పరీక్షించే ఆవిడ.

"నాకు కాదు. ఆ తాతకి."

తల్లి గోడవైపు తిరిగి నిలబడింది. ఆయా తలుపు బయటికి చెయ్యి చాపి, ఆ ముసలాయనకు మూడు చిటికెలు వేసింది. ఆయన అయోమయంగా చూశాడు. డాక్టరు వచ్చి దూరపు చూపు బాగా తక్కువని, పుట్టినప్పటి నుంచీ ఉండి ఉంటుందని, అద్దాలు వాడితే చదువుకు ఇబ్బంది లేదని చెప్పాడు. ఆయన రోజూ అలాంటి పిల్లల్ని చూస్తాడు. ఆవులింతల గురించి నేను చెప్పబోతే, "తర్వాతి వాళ్ళని పంపండి," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తల్లి నా పక్క సీట్లో కూర్చుంది. బస్సు కొల్లేరు దాటింది. తర్వాత నా వైపు చూడకుండా అంది. "మెదడు తేడా అన్న మాట నలుగురిలో అన్నారండి."

"అన్నానమ్మా."

"ఈ మాట కూడా నలుగురిలోనే అనండి. మళ్ళీ టీకాలప్పుడు. ఆయా చేత చెప్పించకండి. నర్సమ్మగారి చేత చెప్పించకండి."

టీకాల రోజు దాకా ఆ నెలలో ఎన్ని రోజులున్నాయో నాకు బాగా తెలుసు, రోజూ చూసుకున్నాను కాబట్టి. ఆ రోజు అదే తూకం యంత్రం పక్కన నిలబడి చెప్పాను. ఈ పిల్లకు చూపు తక్కువ, బుద్ధిలో ఏ లోటూ లేదు, అప్పుడు నేను చెప్పింది తప్పు, తెలియకుండా చెప్పాను. ఒకావిడ, "పుస్తకంలో ఉందన్నారు కదండీ," అంది. పుస్తకంలో ఉన్నది వేరు, నాకు అర్థమైంది వేరు అన్నాను. ఇంకొకావిడ, "మరి మా వాడికి ఆవులింత అంటిందన్నారు, అదైనా నిజమేనాండి?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నాను. తల్లి నవ్వలేదు. పిల్ల చాపను తీసుకెళ్ళి అందరి మధ్యలో వేసి, పనికి వెళ్ళిపోయింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలకు ఒక మాట. ఆటిజం ఉన్న పిల్లలు కూడా ఎదుటివారి ముఖం వైపు చూసినప్పుడు వారికీ ఆవులింత అంటుతుందని కొందరు గమనించారట. ఇది నేను తర్వాత ఇంకో పుస్తకంలో చదివాను. అంటే నా పరీక్ష ఆ పిల్ల విషయంలోనే కాదు, ఏ పిల్ల విషయంలోనూ పనికిరాదు. ఆవులింత బట్టి ఎవరికీ ఏ జబ్బూ చెప్పకండి. అనుమానం వస్తే ముందు కళ్ళు, చెవులు చూపించండి. అవి చూడ్డానికి మనుషులున్నారు. పుస్తకాలు చదవడం మాత్రం మానకండి, నేను మానలేదు. పిల్లలు ఎలా నిద్రపోతున్నారో మీకంటే ముందు నుంచీ చూస్తున్న ఆయాను కూడా అడగండి.

ఆ పిల్ల జూన్‌లో ఊరి బళ్ళోనే చేరింది. ఇప్పుడు హైస్కూలుకు సైకిలు మీద వెళుతోంది.

ఇక కృతజ్ఞతలు. పేర్లు పెట్టి చెప్పడం మర్యాద, కానీ రాయనని మొదటే అన్నాను. కాబట్టి చేసిన పనితోనే చెప్పుకుంటాను. నేను మానిపించిన చిటికెను మళ్ళీ వేసిన ఆయాకు. అద్దాలు ఓపిగ్గా మార్చిన ఆసుపత్రి ఆవిడకు. బీరువాకు కొత్త తాళంచెవి చేయించిన లైబ్రేరియన్ గారికి. ఎక్కడి వాడో తెలియని కండువా పెద్దాయనకు. పేరు రాయడానికి అభ్యంతరం లేనిది ఒక్క కుక్కకే. దాని పేరు టైగర్. ఆడకుక్క. పేరు పెట్టినప్పుడు ఎవరూ చూసుకోలేదు.

చివరిగా ఆ తల్లికి. ఈ కాగితాలు ఎవరికీ ఇవ్వకముందు ఆవిడ ఇంటికి తీసుకెళ్ళాను. పిల్ల చదివింది, తల్లి చేపల వల బాగుచేసుకుంటూ వింది. మొత్తం విని, మళ్ళీ మొదటి పేజీ తియ్యమంది. అక్కడ నేను 'నా వల్ల ఒక చిన్న పొరపాటు జరిగింది' అని రాశాను.

"చిన్న అన్నది తీసెయ్యండి," అంది.

నేను కలం తియ్యబోతుంటే పిల్ల తన పెన్సిలుతో మొత్తం వాక్యం మీదే అడ్డంగా గీత పెట్టింది. ఆ వాక్యం ఇందులో లేదు.